జ్వరం గోలీతో పాటు జలుబు గోలీ వేసుకునే ముందు
వానాకాలం మొదలైంది కదా, ఇంటింటా జ్వరం జలుబే, ఫ్లూ కూడా బాగా తిరుగుతోంది. ఒక్క మాట చెప్తా, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. జ్వరానికి డోలో 650 (ఇది పారాసెటమాల్ గోలీనే) వేసుకుని, ముక్కు కారుతోందని మెడికల్ షాప్‌లో ఇంకో జలుబు గోలీ తెచ్చుకుని రెండూ కలిపి మింగేస్తుంటారు చాలామంది, కానీ ఆ జలుబు గోలీల్లో చాలావాటిలో పారాసెటమాలే ఉంటుంది, స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే తెలుస్తుంది. డోస్ డబుల్ అయితే దెబ్బ లివర్‌కే. పెద్దవాళ్లకైనా రోజుకి మొత్తం 4 గ్రాములు దాటకూడదు, మద్యం తాగేవాళ్లు, లివర్ ప్రాబ్లం ఉన్నవాళ్లు అంత కూడా వేసుకోకూడదు, డాక్టర్‌ని అడగాల్సిందే. పాత యాంటీబయాటిక్ మిగిలిందని వేసుకోకండి, ఫ్లూ వైరస్ కదా, దానికి అది పనిచేయదు. అమ్మమ్మ తాతయ్యలకి, షుగర్ ఆస్తమా ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఫ్లూ లక్షణాలు కనిపిస్తే రెండు రోజుల్లోపే డాక్టర్‌కి చూపించండి, ఫ్లూ మందు అప్పుడైతేనే బాగా పనిచేస్తుంది.