అత్తమ్మకు బీపీ ఉంటే ఇంటికంతా ఒకటే కూర

అత్తమ్మకు బీపీ అని తెలియగానే ఆమెకో చిన్న గిన్నెలో చప్పిడి కూర, మిగతావాళ్లకు మామూలు కూర మొదలవుతుంది. ఇది పది రోజులు కూడా నిలవదు. నలుగురూ ఒకటి తింటుంటే తనొక్కతే ఇంకొకటి తినలేక ఆమె తొక్కు జాడీ దగ్గరికి లాక్కుంటుంది. పెద్ద చెంచాడు మామిడికాయ తొక్కులోనే గ్రాముకు పైగా ఉప్పుంటుంది. తగ్గించేదేదో అందరి కూరలోనే తగ్గించాలి.

మనిషికి ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే పైన వేలితో చదును చేసిన ఒక టీ చెంచా. తొక్కు, అప్పడం, మిక్చర్ అన్నీ ఆ లెక్కలోకే. నలుగురున్న ఇంట్లో పొద్దున్నే మూడు చెంచాలు ఒక గిన్నెలో తీసి పెట్టండి. పప్పు, కూర, చారు అన్నింటికీ అందులోంచే. అయిపోతే డబ్బా ముట్టొద్దు. ఇప్పుడు ఆరు చెంచాలు పడుతుంటే ఒక్కసారే మూడుకు దిగకండి, వారానికి అరచెంచా తగ్గిస్తే నాలుక పట్టుకోదు. దొడ్డుప్పు, సైంధవ లవణం అయినా అదే సోడియం.

ఉప్పు ముందే వేస్తే ముక్కల్లోకి పోతుంది, రుచి చూసి మళ్లీ వేస్తారు. దించే ముందు వేయండి. పచ్చిపులుసులో పచ్చిమిర్చి మంట మీద కాల్చి, ఉల్లిగడ్డతో నలిపి, చింతపండు, జీలకర్ర, కొత్తిమీర పడితే సగం ఉప్పు తగ్గినా ఎవరూ అడగరు. సర్వపిండిలో నువ్వులు, ఎల్లిపాయ పెంచండి. జొన్నరొట్టెకు ఉప్పే అక్కర్లేదు.

"ఈ వయసుల నోరు కట్టేస్తరా?" అని చుట్టాలు అంటారు. అందులో కొంత నిజముంది: తొక్కు పూర్తిగా ఆపితే దాచుకుని తింటారు. మధ్యాహ్నం ఒక్కపూట, మొదటి రెండు ముద్దలకు చిటికెన వేలి కొసంత. వేసుకునేది ఆమె చేతికే వదిలేయండి.

'లో సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నా, టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడుతున్నా డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు. ఎండాకాలంలో నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్లకు ఉప్పు బొత్తిగా మాన్పించడం కూడా ప్రమాదమే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే వెంటనే చూపించండి.

బీపీ పెరిగిందని కూరను తిట్టే ముందు మోకాళ్ల నొప్పుల గోళీలేమైనా వేసుకుంటున్నారేమో చూడండి, వాటిలో చాలా రకాలు బీపీ పెంచుతాయి. చాయ్ తాగిన అరగంట తర్వాత, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసి రెండూ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.