ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు బొమ్మలు ఎలా ఎంచుకోవాలి

ఏడాది నిండిన పిల్లలు చేతికందిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకునే పరీక్షిస్తారు. అందువల్ల ఈ వయసువారికి బొమ్మ కొనేటప్పుడు అది ఎంత ముచ్చటగా ఉంది, ఎన్ని పాటలు పాడుతుంది అన్నవాటికన్నా ముందు దాని పరిమాణాన్ని చూడాలి. బొమ్మ పెద్దదే కావచ్చు, కానీ లాగితే ఊడివచ్చే కన్నో, చక్రమో, గుండీయో గొంతుకు అడ్డం పడుతుంది. ప్రయోగశాలల్లో దీనిని తేల్చడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వాడతారు. ఇంట్లో ఇంకొంచెం కట్టుదిట్టంగా ఉండడం మేలు: 14 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు గల అట్టముక్కను గుండ్రంగా చుట్టి, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా అతికిస్తే సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం తయారవుతుంది. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా సరే, మూడేళ్లు నిండేదాకా బిడ్డకు అందనివ్వకూడదు. తిరునాళ్లలో కొనే గాలిబుడగలను కూడా ఈ వయసులో మానుకోవాలి, ఎందుకంటే పగిలిన రబ్బరు ముక్క గొంతులో అతుక్కుంటే తీయడం చాలా కష్టం.

వెలిగే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అన్నిటికన్నా ప్రమాదకరం. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చివేయగలదు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉంటేనే ఆ బొమ్మ కొనండి. బిడ్డ బ్యాటరీ మింగినట్లు అనుమానం కలిగినా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు కనిపించగానే సరిపెట్టుకోక, దానితోపాటు ముద్రించిన లైసెన్సు సంఖ్యను, ఆ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, అక్కడ పరీక్షించుకునే బాధ్యత కొనేవారిదే. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో కలిపిన సహజ రంగులు అద్దే ఏటికొప్పాక బొమ్మలు నాకు ఎంతో ఇష్టం. నున్నగా, అంచులు గుచ్చుకోకుండా ఉండే పెద్ద బొమ్మలను వాటిలో నిశ్చింతగా ఎంచుకోవచ్చు. అయితే అక్కడి లక్కపిడతల్లో చాలావరకు మన అట్టగొట్టంలో ఇట్టే పట్టేస్తాయి గనుక వాటిని మూడేళ్లు దాటాక ఇవ్వడమే క్షేమం. కొండపల్లి బొమ్మలు కొలువులో చూసి మురిసిపోవడానికి, నమలడానికి కాదు.

ఇక ఆట విషయానికి వస్తే, వయసు అంకెకన్నా బిడ్డ ప్రస్తుతం ఏ పని మళ్లీ మళ్లీ చేస్తున్నాడో గమనించడం ముఖ్యం. ఏడాది దాటిన బిడ్డ డబ్బాలో వస్తువులు వేసి, తీసి, మళ్లీ వేస్తూ ఉంటే, మూతపడే స్టీలు గిన్నె, రెండు పెద్ద చెక్కదిమ్మెలు చాలు. ఏడాదిన్నర ప్రాంతంలో దిమ్మెలను ఒకదానిపై ఒకటి నిలబెడతాడు, అవి పడిపోతే నవ్వుతాడు, మళ్లీ నిలబెడతాడు. ఆ పడిపోవడమే అతనికి పాఠం, కాబట్టి పెద్దలు చేయి పెట్టి సరిచేయకూడదు. రెండేళ్లు వచ్చేసరికి బొమ్మకు అన్నం తినిపించడం, జోకొట్టడం మొదలవుతుంది. అప్పుడు గుడ్డబొమ్మ, ఒక చిన్న దుప్పటి ఇస్తే ఆట దానంతటదే సాగుతుంది. మీట నొక్కగానే తనే పాడి, తనే ఆడే బొమ్మ దగ్గర బిడ్డకు చేయడానికేమీ మిగలదు.

బిడ్డను కూర్చోబెట్టి తిప్పే వాకరును మాత్రం ఎవరు కానుకగా ఇచ్చినా వాడకండి. అది నడక నేర్పదు, పైగా మెట్ల మీదనుంచి దొర్లించే ప్రమాదముంది. కెనడా 2004లో దానిని నిషేధించింది. నిలబడగలిగిన బిడ్డ తనే పట్టుకుని నెట్టే మూడు చక్రాల కొయ్యబండి అంతకన్నా ఎంతో మంచిది, కానీ పక్కన ఒక పెద్దవారు ఉండాలి, చక్రాలు మరీ వేగంగా జారకూడదు.

అన్నో అక్కో ఆడి వదిలేసిన బొమ్మలను కూడా ఇలాగే పరీక్షించి ఇవ్వాలి. పెచ్చులూడుతున్న రంగు, విరిగిన అంచు, వదులైన కుట్టు కనిపిస్తే ఎంత జ్ఞాపకమున్న బొమ్మనైనా ఆటసామాను బుట్టలోంచి తీసి పైన అలమారలో పెట్టేయండి.