రద్దీ కాలంలో దూరప్రయాణపు విమాన టికెట్లు: నా అనుభవం

డిసెంబరు మూడో వారంలో నలుగురం కలిసి ఖండాంతర ప్రయాణం చేయవలసి వచ్చినప్పుడు, ఎక్కడ వెతికినా ఛార్జీ మా శక్తికి మించే కనిపించింది. వారం రోజులు వెతికాక అసలు చిక్కు అర్థమైంది. ఎకానమీ సీట్లనే విమానయాన సంస్థలు వేర్వేరు ధరల శ్రేణులుగా విభజించి అమ్ముతాయి. నాలుగు సీట్లు ఒకేసారి అడిగినప్పుడు చవక శ్రేణిలో రెండే మిగిలి ఉంటే, సాధారణంగా నలుగురికీ పై శ్రేణి ధరే చూపిస్తారు. ప్రయాణికుల సంఖ్యను ఒకటికి మార్చగానే తలసరి ధర తగ్గింది, రెండుకూ అంతే ఉంది, మూడు అనగానే మళ్లీ పెరిగింది. అందువల్ల ఇద్దరిద్దరికి విడివిడిగా బుక్ చేసి, రెండు పీఎన్‌ఆర్‌లనూ జతపరచమని సంస్థకు ఫోన్ చేసి చెప్పాను.

అంతకుముందే గూగుల్ ఫ్లైట్స్‌లోని తేదీల పట్టిక చూసి ప్రయాణాన్ని శనివారం నుంచి మంగళవారానికి జరుపుకున్నాను. అక్కడా కొంత కలిసివచ్చింది.

వేర్వేరు సంస్థల టికెట్లను అతికించి ఇంకా చవకగా ఇస్తామన్నవారున్నారు. పిల్లలతో వెళ్లేవారు ఆ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థ సాధారణంగా బాధ్యత వహించదు, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయడానికి ఆ దేశపు వీసా కూడా అవసరం కావచ్చు.