.223 రైఫిల్, 5.56 తూటా: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

అమెరికాలో ఏ తుపాకుల దుకాణానికి వెళ్లినా .223 రెమింగ్టన్, 5.56 నాటో పెట్టెలు ఒకే అరలో కనిపిస్తాయి. మొదటిది పౌరుల తూటా, రెండోది సైన్యానిది. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూసినా తేడా తెలియదు. వీటిలో దేనికోసం చేసిన రైఫిల్‌లోనైనా రెండూ ఇమిడిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఏది పరిశీలించాలన్నా ముందుగా తూటాలుండే మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోండి.

బోల్టు బిగుసుకుంటోంది, ప్రైమర్ చదునవుతోంది

బోల్టు అంటే ఛాంబర్‌ను వెనకనుంచి మూసే భాగం, ప్రైమర్ అంటే తూటా అడుగున మంట పుట్టించే చిన్న మూత. పేలిన ఇత్తడి తొడుగును తిరగేసి అడుగు చూడండి. మామూలుగా ప్రైమర్ అంచు కొంచెం గుండ్రంగా ఉంటుంది, చుట్టూ సన్నని గాడి కనిపిస్తుంది. పీడనం హద్దు దాటితే ప్రైమర్ అణిగి, ఆ గాడిని పూడ్చేసి, ఇత్తడితో సమానమైపోతుంది. తొడుగును బయటికి విసిరే ఎజెక్టర్ ఆనిన చోట మెరిసే మచ్చ పడుతుంది. ఇంకా ముదిరితే ప్రైమర్ ఊడి ట్రిగ్గర్ భాగాల్లో పడుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు కాల్చడం ఆపేయండి.

.223 బ్యారెల్‌లో 5.56 కాల్చారేమో మొదట చూడాలి. ఛాంబర్ దాటాక, బ్యారెల్ లోపలి గాడులు మొదలయ్యేలోపు బుల్లెట్‌కు కొంత ఖాళీ దారి ఉంటుంది. సైనిక ఛాంబర్‌లో అది పొడవు, .223లో పొట్టి. పొట్టి దారిలో 5.56 బుల్లెట్ ముందుగానే గాడులకు తగులుతుంది, వెనక పీడనం ఎగబాకుతుంది. .223కి 55,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 5.56కి 62,000 అంటూ అంకెలతో వాదించుకునేవారున్నారు. ఒక పద్ధతిలో తొడుగు నడుమ కొలుస్తారు, మరో పద్ధతిలో మూతి దగ్గర. ఆ అంకెలను నేరుగా పోల్చడం దండగ. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ ఈ జతను ప్రమాదకరమైన వాటి జాబితాలోనే పెట్టింది.

పరిష్కారం బ్యారెల్ మీది ముద్రలోనే ఉంది. 5.56 అని ఉంటే రెండు రకాలూ కాల్చవచ్చు, .223 వైల్డ్ అని ఉన్నా అంతే. .223 రెమింగ్టన్ అని మాత్రమే ఉంటే .223తోనే సరిపెట్టుకోండి. రిసీవర్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే నడిమి భాగం) మీద ‘మల్టీ’ అని ఉంటే అది మీకేమీ చెప్పదు. తూటా అడుగున వలయంలో ప్లస్ గుర్తు ఉంటే అది నాటో ప్రమాణం. తొడుగులను మళ్లీ నింపి వాడేవారి తూటాల్లో ఆ గుర్తుకు విలువ లేదు. పెట్టె లేని తూటాలు ఎవరు ఇచ్చినా తీసుకోకపోవడం మంచిది.

భారతదేశంలో ఈ గందరగోళానికి చోటు తక్కువ. .303, 7.62 వంటి సైనిక బోర్లు నిషిద్ధం. ఇషాపూర్‌లో తయారైన .315 రైఫిల్ సైన్యం తూటాను తీసుకోదు.

లక్ష్యం కాగితంపై రంధ్రాలు గుండ్రంగా కాక పొడవుగా పడుతున్నాయి

బుల్లెట్ చాలినంత తిరగక దొర్లుతోందన్న మాట. అమెరికా సైన్యపు తొలి ఎం16 రైఫిళ్ల గాడులు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. అది 55 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుకు కొలత) బుల్లెట్‌కు సరిపోతుంది. 1980లో నాటో స్వీకరించిన 62 గ్రెయిన్ల ఎస్ఎస్109 దానికన్నా పొడవు కాబట్టి వేగంగా తిరగాలి. అందుకే తర్వాతి ఎం16ఏ2లో 7 అంగుళాలకే ఒక చుట్టు. మీ బ్యారెల్ మీద 1:12 అని ఉంటే 55 గ్రెయిన్లకు దిగండి.

టిక్కుమంటుంది గానీ పేలదు

ముందు బ్యారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. సైనిక తూటాల ప్రైమర్లు తరచుగా గట్టిగా ఉంటాయి. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని మెత్తని స్ప్రింగ్ వేయించుకున్న రైఫిళ్లు వాటిని పేల్చలేవు. అసలు స్ప్రింగే తిరిగి వేయించండి.

పాత గరాండ్‌లో ఆపరేటింగ్ రాడ్ వంగింది

ఇక్కడ కథ తలకిందులు. అమెరికా పాత సైనిక రైఫిల్ ఎం1 గరాండ్‌కు పౌరుల తూటా ఎక్కువైపోతుంది. వేటకు అమ్మే బరువైన .30-06 తూటాల గ్యాస్ పీడనం దాని బోల్టును కదిలించే ఆపరేటింగ్ రాడ్‌ను వంచేస్తుంది. గరాండ్ కోసమని పెట్టె మీద రాసిన 150 గ్రెయిన్లవి వాడండి, లేదా గ్యాస్‌ను తగ్గించే ప్లగ్ పెట్టించండి.

రైఫిల్ పగిలింది

.300 బ్లాకౌట్ తూటాలు .223 మ్యాగజైన్లలోనే పడతాయి, కొన్ని ఛాంబర్‌లోకీ దూరతాయి. బుల్లెట్ బ్యారెల్‌కన్నా లావు, అందుకే పేలుడు వెనక్కి తిరుగుతుంది. దీనికి మరమ్మతు లేదు. రెండూ ఉన్నవారు మ్యాగజైన్లకు వేర్వేరు రంగుల టేపు చుట్టి, ఒక్కో రైఫిల్‌ను ఒక్కో రోజు రేంజ్‌కు తీసుకెళ్లాలి.