నిరంకుశ లోకంలో ప్రేమకథ: యువ పాఠకుల ఫాంటసీ నవలను ఎలా అల్లాలి?

అణచివేత రాజ్యమేలే ఊహాలోకాన్ని, అందులో పదహారు, పదిహేడేళ్ల ఇద్దరి ప్రేమను కలిపి రాయబూనినవారిలో చాలామంది ముందు పటం గీసి, రాజవంశాలకు పేర్లు పెట్టి, ఆ తరువాత ప్రేమజంటను తెచ్చి అందులో నిలబెడతారు. అందువల్ల లోకం ఒక కథగా, ప్రేమ మరొక కథగా విడిపోతాయి. ఆ లోకాన్ని నడిపే చట్టమే ప్రేమకు అడ్డుపడేలా అల్లడం ఇక్కడి కీలకం.

మొదట ఒకే ఒక చట్టాన్ని ఎంచుకోండి. సూర్యుడు కనిపించని నగరంలో వెలుగు మంత్రశక్తితో పుడుతుందని, దానిని కోట అధికారులు ఇంటికి రోజుకు మూడు గంటల చొప్పున కొలిచి ఇస్తారని అనుకుందాం. ఈ కొరత వల్ల లాభపడేది ఎవరు, దొంగదీపానికి శిక్ష ఏమిటి, ఈ పద్ధతి న్యాయమైనదేనని సామాన్యులు ఎందుకు నమ్ముతున్నారు అన్నవి రాసుకోవాలి. చివరి ప్రశ్నను దాటవేస్తే పాలకులు ఉత్త దుర్మార్గులుగా మిగిలిపోతారు. మంత్రశక్తికీ హద్దు ఉండాలి.

తరువాత ఆ ఇద్దరినీ చట్టానికి చెరోవైపు నిలపండి. ఆమె వెలుగు పద్దులు రాసే గుమాస్తా, అతడు పగిలిన దీపాలను చాటుగా బాగుచేసేవాడు అయితే, వారు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ప్రతి నిమిషమూ అతడి తల్లి వాటాలో తరుగుతుంది. అతడు దీపం ఆర్పబోతే ఆమె వారించిందనీ, మరునాడు పద్దు పుస్తకంలో ఒక అంకెను తడివేలితో చెరిపిందనీ రాస్తే, ప్రేమా నేరమూ పాలనా ఒక్క పనిలోనే తెలిసిపోతాయి. చట్టం చరిత్రను రెండు పేజీలు వివరించే అవస్థ తప్పుతుంది.

సుజాన్ కాలిన్స్ రాసిన ‘ది హంగర్ గేమ్స్’ (2008)లో ప్రభుత్వం టీవీలో చూపే ప్రాణాంతక పోటీలోకి దిగిన కాట్నిస్, పీటాల ప్రేమ ప్రేక్షకుల మెప్పు కోసం, దాతలు పంపే కానుకల కోసం ప్రదర్శించవలసిన వేషమవుతుంది కనుక, ఏది నటన, ఏది నిజం అన్న సందేహం ఆ లోకపు రాజకీయం నుంచే పుడుతుంది. లారెన్ ఆలివర్ ‘డెలీరియమ్’ (2011)లో ప్రభుత్వం ప్రేమనే వ్యాధిగా ప్రకటించి, పద్దెనిమిదేళ్లకు చికిత్స విధిస్తుంది.

ముక్కోణపు ప్రేమ ఈ కోవలో బాగా అరిగిపోయింది. తప్పదనుకుంటే, ఒకరి ప్రేమకోసం పోటీపడే ఇద్దరిలో ఒకరు రాజీకి, మరొకరు తిరుగుబాటుకు దారి చూపేవారై ఉండాలి. ఇంకొక జాగ్రత్త: ప్రభుత్వ నిఘాను ఖండించే నవలలో, అమ్మాయిని చాటుగా వెంటాడే అబ్బాయిని గొప్ప ప్రేమికుడిగా చూపితే కథ తన మాటను తానే కాదన్నట్టవుతుంది.

తిరగరాసేటప్పుడు ప్రేమ సన్నివేశాలన్నీ పక్కన పెట్టి చదవండి. అవి లేకపోయినా తిరుగుబాటు యథాతథంగా సాగితే అల్లిక ఇంకా కుదరలేదన్నమాట. అప్పుడు ఆమె చెరిపిన అంకె వెంట తనిఖీ మొదలై, కోట దాచుకున్న వెలుగు బయటపడేలా, దాంతోపాటే అతడి తల్లి వాటా రద్దయ్యేలా సంఘటనల వరుసను మార్చుకోవాలి.