ఆస్ట్రేలియా తూర్పు తీరంలో కుక్కకు గోమారి పడితే

గేదెకో కుక్కకో పట్టిన గోమారిని లాగి పారేసి మరిచిపోవడం మన ఊళ్లలో మామూలే గానీ, సిడ్నీ, బ్రిస్బేన్ వంటి చోట్ల కుక్కను పెంచుకుంటున్న తెలుగువారు అంతటితో ఊరుకోకూడదు. ఆ తీరప్రాంతపు పొదల్లో ఉండే ఇక్సోడిస్ హోలోసైక్లస్ అనే గోమారి రక్తం పీలుస్తూ, లాలాజలంతో పాటు నరాల నుంచి కండరాలకు అందే సంకేతాన్ని అడ్డుకునే విషాన్ని ఎక్కిస్తుంది. కాళ్లు చచ్చుబడటంతో మొదలైన జబ్బు ముదిరితే ఊపిరి తీసుకునేందుకు తోడ్పడే కండరాలు కూడా పనిచేయవు.

లక్షణాలు సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు బయటపడతాయి. అరిచే గొంతు మారడం, వెనక కాళ్లు తడబడటం, వాంతి, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు, వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి బయలుదేరండి. మింగే శక్తి తగ్గి ఉంటుంది కనుక, జాలిపడి పాలో నీళ్లో పట్టించకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుక్కను చల్లగా, కదలకుండా ఉంచండి.

గోమారి కోసం వెంట్రుకలకు ఎదురు దిశలో వేళ్లు పోనిస్తూ తల, చెవుల లోపల, పెదవుల మడతలు, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందులు తడిమి చూడాలి. రక్తం తాగిన గోమారి బూడిదరంగులో ఉబ్బి ఉంటుంది. దాని మొదటి, చివరి కాళ్ల జతలు ముదురు గోధుమరంగులో, నడిమి రెండు జతలు పాలిపోయి కనిపిస్తాయి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిదానంగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తీసినదాన్ని డబ్బాలో వేసి వైద్యుడికి చూపించండి, ఒకటి దొరికాక కూడా వెతకడం ఆపకండి.

ఉత్తర అమెరికాలో గోమారి వల్ల కలిగే పక్షవాతం, దాన్ని తీసేస్తే చాలావరకు గంటల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఆస్ట్రేలియాలో మాత్రం తీసిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ముదరవచ్చు. అందుకే విషానికి విరుగుడు సీరం ఎక్కించి కుక్కను ఆసుపత్రిలోనే కనిపెట్టుకుని ఉంటారు.

వసంతకాలంలో, అంటే అక్కడ సెప్టెంబరు నుంచి, ఈ బెడద ఎక్కువ. ఫ్లురలానర్, అఫాక్సోలానర్ వంటి నమిలే మాత్రలు బాగా కాపాడతాయి గానీ, రోజూ తడిమి చూడటం మానకూడదు. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ మందును పిల్లికి రాస్తే ప్రాణం మీదికి వస్తుంది.