ఒర్దీసియా బుధవారం సంత: ఎలా వెళ్లాలి, చీజ్ ఎలా కొనాలి?

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, గిపుస్కోవాలో ఉంది ఒర్దీసియా. గురువారం దిగారంటే కనిపించేది లావుపాటి స్తంభాలు, వాటి మీద 1925లో వేసిన పెద్ద కప్పు, కింద ఖాళీ చౌకు. అందుకే ముందు క్యాలెండర్‌లో బుధవారం చూసుకోండి. 1512లో ఊరు తగలబడిపోతే, మళ్లీ నిలదొక్కుకోవడానికి రాణి హువానా వారం వారం సంత పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ సంత ఈనాటికీ బుధవారమే.

సాన్ సెబాస్తియాన్ నుంచి బ్రింకోలా వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే ముప్పావు గంట ప్రయాణం. పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు.

చేరగానే సంచి తీయకండి. ఒక చుట్టు ఊరికే తిరగండి. చుట్టుపక్కల పల్లెల రైతులు సొంత పొలం సరుకు తెచ్చుకుని కూర్చుంటారు. రకాలు తక్కువగా ఉన్న బల్ల దగ్గరే ఎక్కువసేపు ఆగమంటాను: నాలుగు ఉల్లికాడల కట్టలు, గుప్పెడు చిక్కుళ్లు, డజను గుడ్లు ఉన్నాయంటే అవి ఇంటి పెరట్లోవే అయ్యుంటాయి. బాస్క్ భాషలో "కైషో" అని పలకరించండి, "సెన్‌బాత్ దా?" అంటే ఎంత అని. తీసుకున్నాక "ఎస్కెరిక్ అస్కో" అనండి. బేరం మాత్రం ఆడకండి. మనకది కాస్త కష్టమే.

ఇక అసలు సరుకు, ఇదియాసాబల్ చీజ్. లాచా, కరాన్సా జాతి గొర్రెల పచ్చిపాలతో చేసి, కనీసం 60 రోజులు మాగబెడతారు. పొగ పట్టించినదా, పట్టించనిదా అని అడగండి. పూర్వం కాపరుల గుడిసెల్లో పొగగొట్టం ఉండేది కాదు, పైన ఆరబెట్టిన చీజ్‌కి పొయ్యి పొగ దానంతటదే పట్టేది. నా ఓటు పొగ లేనిదానికే, పాల రుచి సూటిగా తెలుస్తుంది. రెండూ చిన్న ముక్క రుచి చూసి తేల్చుకోండి. శాకాహారులకు ఒక మాట: ఈ పాలను సాధారణంగా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. మీరు చిక్కుళ్లతో సరిపెట్టుకోవాలి.

సెప్టెంబరు ఉత్సవాల్లో వచ్చే బుధవారం చీజ్ పోటీ జరుగుతుంది. గెలిచిన చీజ్‌లో సగం ముక్కను వేలం వేస్తే వేల యూరోలు పలుకుతుంది. ఆ రోజు జనం కిటకిట, తీరిగ్గా కొనడం కుదరదు.

సంత ముగిశాక టాక్సీ మాట్లాడుకుని గైంత్సా వెళ్లండి. 100 పైచిలుకు జనం ఉన్న పల్లె, అరలార్ కొండల అంచున ఉంటుంది. ఎదురుగా 1,346 మీటర్ల చిందోకి శిఖరం. ఎండాకాలమైతే మందలు అరలార్ పైనున్న పచ్చికబయళ్లలో మేస్తుంటాయి. మీ సంచిలోని చీజ్ ఎక్కడి గడ్డితో తయారైందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

బసకు చేరాక చీజ్‌ను ప్లాస్టిక్‌లో బిగించి ఉంచకండి, చెమ్మ పడుతుంది. కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, తినే గంట ముందు బయటికి తీయండి.